పది ఎర్ర చుక్కలు

పార్సిల్ తెచ్చినాయనకు మూడంతస్తులు ఎక్కే ఓపిక లేదు. కింద మెట్ల దగ్గరే నిలబడి, మెడ పైకెత్తి కేక పెట్టాడు. "డ్రాగ్ కారు కిట్టండీ! మూడో అంతస్తు! డ్రాగ్ కారు ఎవరిదండీ!"

కింది వాటా టీచరమ్మకు ఎడమ చెవి పనిచేయదు. దాని పని కూడా కుడి చెవే చేస్తుంది, చేయాల్సినదానికంటే కాస్త ఎక్కువే చేస్తుంది. ఆ చెవికి 'డ్రాగ్'లోని దీర్ఘం అందలేదు. దీర్ఘం పోగా మిగిలింది డ్రగ్. దీర్ఘం జారిపోయిన ఆ చోటునుంచే జనం దీర్ఘాలు తీయడం మొదలుపెట్టారు. సాయంత్రానికల్లా ఎనిమిది వాటాల్లో ఏడింటికి తెలిసిపోయింది: మేస్త్రీ ఇంటికి మత్తుమందు కారులో వస్తోందట.

సాక్ష్యాలకేం, బోల్టులంత బోలెడు. మధ్యాహ్నమైతే చాలు, ఆ ఇంటి వెనక కిటికీలోంచి ఘాటు వాసన. మేస్త్రీ ముక్కుకు గుడ్డ కట్టుకుని గది తలుపేసుకుంటాడు. బయటికొస్తే చొక్కా నిండా తెల్లపొడి. చెత్తబుట్టలో చిన్న చిన్న ప్లాస్టిక్ సంచులు. అరవై రెండేళ్ళ మనిషి, ఎవరితోనూ కలవడు. నడుస్తున్నంతసేపూ కుడిచేతి బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటాడు. తొమ్మిది దాకా వచ్చి ఆగుతాడు, మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

"జపమేమోనండీ" అన్నాడు రెండో అంతస్తులో ఉండే కార్యదర్శి. ఆ ఎనిమిది వాటాల నీళ్ళకీ లైట్లకీ తగాదాలకీ ఆయనే కార్యదర్శి.

"జపమైతే పెదాలు కదలాలి. అది సరుకు లెక్క" అంది టీచరమ్మ.

అసలు మేస్త్రీ పెట్టె అందుకుని మెట్లెక్కుతున్నప్పుడే ఆవిడ తలుపు ఓరగా తీసి అడిగింది.

"ఏంటి మేస్త్రీ గారూ, ఏదో వచ్చినట్టుంది?"

"కారండీ."

"కారా? ఎవరు కారు?"

"ఎవరూ కారండీ. కారు."

"అదేనండీ నేనడిగేదీ, ఎవరు ఏం కారు?"

అప్పటికి ఆయన నాలుగు మెట్లు ఎక్కేశాడు. ఆ కారు కాస్తా కారుచిచ్చై వెనకే మెట్లెక్కుతోందని ఆయనకు తెలియదు. కిట్టు పెట్టెను మాత్రం పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకున్నాడు.

ఇంట్లో అడుగుపెట్టగానే కుట్టుమిషను చప్పుడు. ముందుగదిలో మిషను, దాని ముందు భార్య, ఆమె మెడలో కొలత టేపు. వెనక చిన్న గదిలో బల్ల, భూతద్దం, దీపం, రంగు డబ్బాలు, పాత నట్లు నింపిన డబ్బాలు. నట్టిల్లు ఆమెది, నట్లిల్లు ఆయనది. మధ్యలో ఒక గడప. ఆ గడప ఆమె దాటగా ఆయన చూడలేదు. ఆ గది ఊడ్చుకునేదీ ఆయనే, దుమ్ము దులుపుకునేదీ ఆయనే.

"టీ అయింది" అంది ఆమె, మిషనుతో అన్నట్టు.

వాళ్ళింటి మాటల్లో క్రియలుంటాయి, కర్తలుండరు. టీ అవుతుంది, భోజనం వేళవుతుంది, నీళ్ళు వస్తాయి, కరెంటు పోతుంది. 'మీరు' అనే మాట ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయి ఇరవై ఎనిమిదేళ్ళు. పోతూ పోతూ 'ఏమండీ'ని కూడా వెంట తీసుకుపోయింది.

మేస్త్రీ టీ తాగి, గదిలోకి వెళ్ళి పెట్టె మూత తీశాడు. పాత కాలపు డ్రాగ్ కారు, అసలుదానిలో పాతికో వంతు. ప్లాస్టిక్ చట్రాలకు కాయల్లా వేలాడుతున్న నూట నలభై ముక్కలు. కొలిస్తే గుప్పెడు, కలిపితే పందెం కారు.

డ్రాగ్ పందెం అంటే మలుపుల్లేని పందెం. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, పావు మైలు తిన్నగా దూసుకుపోతాయి, ఏడెనిమిది సెకన్లలో అంతా అయిపోతుంది. చూసేవాడికి తుమ్మొస్తే పందెం పోయినట్టే. ఈ పాత రకం కార్లలో ఇంజను ముందు, మనిషి వెనక, వెనక చక్రాలకు కూడా వెనక. అతని రెండు మోకాళ్ళ మధ్య క్లచ్ తిరుగుతుంటుంది. అది తిరిగే వేగానికి పగిలిందంటే ముక్కలు తూటాలే. అందుకే దాని చుట్టూ దళసరి ఉక్కు మూత బిగిస్తారు. ఆ మూతకు పది బోల్టులు.

పది. మేస్త్రీ బొటనవేలు కణుపుల మీద కదిలింది.

ఈ పని ఇచ్చింది బొమ్మకార్ల కొట్టతను. "లూజు మేస్త్రీ గారూ, ఇది మీ చేతికి తప్ప ఇంకెవరికీ ఇవ్వలేను" అన్నాడు. వదులు చొక్కాలు తొడుగుతాడు కాబట్టి ఆ పేరొచ్చిందని అతని నమ్మకం. "వెనకటికి పందెం కార్లు నడిపించిన పెద్దాయన. ఎనభయ్యో పుట్టినరోజట. ఆయన పాత కారు నమూనా అద్దాలపెట్టెలో పెడతారట. ఇదిగో, రెండు ఫొటోలు పంపించారు. ఈ మెరిసే ఫొటోలో ఉన్నట్టే ఉండాలి, వెంట్రుకవాసి తేడా రాకూడదన్నాడు మేనేజరు."

ఫొటో చూడకముందే, పెద్దాయన పేరు వినగానే మేస్త్రీకి అర్థమైంది అది ఏ కారో. కవరు విప్పకుండానే చంకలో పెట్టుకుని వచ్చేశాడు. వద్దనొచ్చు. కానీ ఇరవై ఎనిమిదేళ్ళ కింద ఆ పందెం రోజు తీసిన ఫొటోలన్నీ పెద్దాయన బీరువాలోకి వెళ్ళిపోయాయి. ఒక్కటంటే ఒక్క ఫొటో చూస్తే తేలిపోతుందని ఇన్నేళ్ళు అనుకున్నాడు. తీరా చేతికొచ్చాక, కవరు రెండు రోజులు రంగు డబ్బాల వెనకే ఉండిపోయింది. తేలాల్సింది ఒక్కటే: పదో బోల్టు తను బిగించాడా, లేదా?

మంగళవారమంతా చట్రం. కారు వెన్నెముకలాంటి రెండు పొడుగు గొట్టాలను కత్తెరతో తుంచి, తుంచిన చోట గరుకు కాగితంతో రుద్ది, గాజుపలక మీద పడుకోబెట్టి వంకర చూశాడు. ప్లాస్టిక్‌కు వంకర సహజం. వేడినీళ్ళలో ముంచి, వేళ్ళ మధ్య సాగదీసి, మళ్ళీ పలక మీద పెట్టాడు. జిగురు చుక్క సూదిమొనతో అందించాడు. డబ్బాకు ఉన్న కుంచెతో పూస్తే జిగురు పొంగుతుంది, పొంగితే అది అతుకు అని తెలిసిపోతుంది. తెలిసిపోతే మేస్త్రీతనం ఏముంది? అతుకులేని బతుకు ఎలాగూ లేదు, బొమ్మకైనా ఉండకూడదా?

బుధవారం ఇంజను. ఎనిమిది సిలిండర్లు, ఎనిమిది పొగగొట్టాలు. ప్లగ్గు తీగలకు కుట్టుదారం వాడతాడు. ఆ దారం ఆమె మిషను దగ్గరే దొరుకుతుంది. అడగడు. ఉదయం గడప మీద నల్లదారం ఉండ ఒకటి పెట్టి ఉంది. ఎవరు పెట్టారని ఆయన అడగలేదు, పెట్టానని ఆమె చెప్పలేదు. దారాలు తెగలేదన్నమాట, మాటలే తెగాయి.

ఆ మధ్యాహ్నమే మూత మొదలుపెట్టాడు. కిట్టులో వచ్చిన మూతకు బోల్టులు పోతపోసిన బుడిపెల్లా ఉన్నాయి. అన్నిటినీ బ్లేడుతో చెక్కేశాడు. సన్నటి ఆరుపలకల ప్లాస్టిక్ కడ్డీని ముక్కలు కోశాడు. ఒక్కొక్కటీ ఆవగింజలో మూడో వంతు. ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది కాబట్టి ఊపిరి బిగబట్టాడు. తడిపిన సూదిమొనతో ఎత్తడం, జిగురు చుక్క మీద దించడం, పలక చూసి తిప్పడం. ఊపిరి వదలడం. ఒకటి. మళ్ళీ బిగబట్టడం. రెండు.

పది పెట్టాడు. మూతకు ముదురు ఉక్కు రంగు వేశాడు. అది ఆరాక, చెయ్యి తనంతట తనే ఎర్ర రంగు డబ్బా అందుకుంది. ఒక్కొక్క బోల్టు తల మీంచి మూత మీదకి సూదిమొనంత ఎర్ర గీత. పాతికో వంతులో అది గీత కాదు, చుక్క.

బిగించిన ప్రతి బోల్టుకీ గుర్తు పెట్టడం ఆయన అలవాటు. బోల్టు కదిలితే గీత విరుగుతుంది, చూడగానే తెలుస్తుంది. పెద్దాయన షెడ్డులో తనతో పనిచేసే మిగతావాళ్ళు పసుపు పెయింటు పూసేవాళ్ళు. అది నూనెకి కరిగిపోయేది. కొత్తగా పెళ్ళైన రోజుల్లో భార్య గోళ్ళరంగు చూసి, "ఇది నూనెకి పోదు కదా?" అని అడిగాడు. "నా చేతి రంగు బండికి పూస్తారా, సిగ్గులేకపోతే సరి" అని నవ్వి, సీసా చేతిలో పెట్టింది. షెడ్డంతా పసుపు చుక్కలుంటే ఈయన బిగించినచోట మాత్రం ఎర్రచుక్కలు. "బావా, మా అక్క నీకే కాదు, బండిక్కూడా బొట్టు పెడుతోంది" అనేవాడు బావమరిది. ఆ కారు నడిపింది అతనే.

చుక్కలు పెట్టడమైంది. లెక్కపెట్టాడు. పది. చేతులు కడుక్కుని, డబ్బాల వెనకనుంచి కవరు తీశాడు.

మొదటి ఫొటో పొద్దుటిది. షెడ్డు ముందు కారు, పక్కన ఎవరూ లేరు. మూత ముదురు రంగు. భూతద్దం దించాడు. ఎర్ర చుక్కలు. పైనుంచి ఒకటి, రెండు, మూడు... తొమ్మిది. కింద, గొట్టం నీడలో, సగమే కనిపిస్తూ, పదోది. గీత విరగలేదు.

మేస్త్రీ కుర్చీలో వెనక్కి వాలాడు. ముందుగదిలో మిషను టకటకలాడుతూనే ఉంది. లేచి వెళ్ళి చెబుదామని కాళ్ళు కూడదీసుకున్నాడు. చెబుదాం, చూడు, పదీ ఉన్నాయి, మీ తమ్ముణ్ణి నేను చంపలేదు. అంతలో రెండో ఫొటో గుర్తొచ్చింది. మేనేజరు అడిగిన మెరిసే ఫొటో. పని చేయాల్సింది దాని ప్రకారం.

అది మధ్యాహ్నం ఫొటో, పందేనికి ముందుది. బావమరిది కారు పక్కన గొంతుక్కూర్చుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. భుజం మీద పెద్దాయన చెయ్యి. కుర్రవాడి ముఖం ఇందులోనే బాగా పడింది, అందుకే దీన్ని ఎంచుకుని ఉంటారు. మూత తళతళలాడుతోంది. ఉక్కు అలా మెరవదు. అది అల్యూమినియం, రేకంత పల్చన, ఉక్కు మూతలో పావు బరువు. బరువు తగ్గితే కారు గాలి. మేస్త్రీ భూతద్దాన్ని మూత మీద అటూ ఇటూ జరిపాడు. ఒక్క ఎర్ర చుక్క లేదు. బావమరిది చేతిలో పానా ఉంది.

ఆ మధ్యాహ్నం, "బావా, పెట్రోలు డబ్బా తక్కువైంది, నువ్వే వెళ్ళాలి, వేరేవాడైతే నీళ్ళు కలిపిస్తాడు" అని తనను పంపించింది ఆ కుర్రవాడే. తిరిగొచ్చేసరికి కారు గీత దగ్గర నిలబడి ఉంది. పొగలో మూత కనిపించలేదు. తరవాత ఏడెనిమిది సెకన్లు కూడా పట్టలేదు. నాలుగే పట్టాయి, క్లచ్ పగలడానికి. విచారణకొచ్చినవాళ్ళకి ముక్కలు మాత్రమే దొరికాయి. మూతకి బోల్టు సరిగ్గా బిగించలేదని పెద్దాయన మనుషులు చెప్పారు. లూజు అన్నారు. ఆ మాట మేస్త్రీకి గట్టిగా బిగుసుకుపోయింది.

ఇప్పుడు ఆ మాట ఊడదీయాలంటే పానా ఒక్కటే, అది చనిపోయినవాడి చేతిలో ఉంది. తను నిర్దోషి అని చెప్పాలంటే, మీ తమ్ముడే నన్ను మోసం చేసి చచ్చాడని అక్కకు చెప్పాలి.

ఫొటో పక్కన పెట్టేయబోతూ, మేస్త్రీ అద్దం అంచు దగ్గర ఎర్రగా ఏదో చూశాడు. బోల్టు చుక్కేమోనని మళ్ళీ వంగాడు. మూత మీద కాదు, ఫొటో కుడి అంచున, సగం తెగిన చెయ్యి. అందులో టిఫిన్ క్యారేజీ. పైగిన్నె మూతకి సొట్ట, వాళ్ళింటి క్యారేజీయే. పిడి పట్టుకున్న వేళ్ళ చివర ఎర్ర చుక్కలు. నాలుగు. బొటనవేలు కూడా లెక్కేస్తే అయిదు.

ఆ రోజు ఆమె క్యారేజీ తెచ్చిందని ఆయనకు తెలుసు. గేటు దగ్గర కాపలావాడికి ఇచ్చి వెళ్ళిపోయానని ఆ సాయంత్రమే చెప్పింది. మూతకు అయిదడుగుల దూరంలో నిలబడిందని చెప్పలేదు.

ముందుగదిలో మిషను ఆగింది. దారం మార్చుకున్నంతసేపు నిశ్శబ్దం. మళ్ళీ మొదలైంది.

గురువారం మేస్త్రీ కొత్త మూత చేశాడు. పల్చటి ప్లాస్టిక్ రేకు వంచి, మెరిసే వెండి రంగు ఊదాడు. పది బోల్టులు పెట్టాడు, గుర్తులు పెట్టలేదు. పాత మూతను నట్ల డబ్బాలో పడేశాడు. వెనక చక్రాల మీది అచ్చు గీతలను గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాడు, పందెం టైర్లకు గాడులుండవు. సీటు వెనక పారాచూట్ సంచి పెట్టాలి. జేబురుమాలు అంచు కత్తిరించి మడిచి, దారంతో కట్టాడు. ఇంతటి వేగాన్నీ ఆఖర్న ఆపేది గుడ్డముక్కే.

మధ్యలో రెండుసార్లు లేచి గడప దాకా వెళ్ళాడు. ఆమె వీపు కనిపించింది. మెడ వెనక జుట్టు నెరిసింది, భుజాలు మిషను మీదికి వాలిపోయాయి. ఎప్పుడు ఇంత వాలిపోయిందో ఆయనకు తెలియలేదు. అడగడానికి నోట్లో కర్త లేడు. 'ఎందుకు చెప్పలేదు' అన్నదాంట్లో 'నువ్వు' ఎక్కడ పెట్టాలి? వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"భోజనం వేళయింది" అంది మిషను.

"అయింది" అంది బల్ల.

శుక్రవారానికి కారు పూర్తయింది. రంగు పలచన చేసే ద్రవం అయిపోయిందని సంచి తీసుకుని బయల్దేరాడు. సీసా నిజానికి సగం నిండుగానే ఉంది. మెరిసే ఫొటోని బల్ల మధ్యలో పెట్టి, కుడి అంచు మీద భూతద్దం నిలబెట్టాడు, దీపం ఆర్పలేదు. గది తలుపు మూయకుండా వెళ్ళాడు. మెట్లమీద టీచరమ్మ ముక్కు ఎగబీల్చింది. "వాసన మరీ ఎక్కువైంది మేస్త్రీ గారూ."

"రేపటితో అయిపోతుందండీ, సరుకు వెళ్ళిపోతుంది" అన్నాడు ఆయన. ఆ అమాయకుడికి ఎక్కడ ఏ మాట వాడాలో తెలియదు. టీచరమ్మ తలుపు వేసుకుని, కార్యదర్శికి ఫోన్ చేసింది.

ఊరికే రెండు వీధులు తిరిగి, గంట తరవాత వచ్చాడు. మిషను చప్పుడు లేదు. ఆమె దాని ముందే కూర్చుని ఉంది, సూది కింద సగం కుట్టిన చొక్కా చెయ్యి. తలెత్తలేదు. మేస్త్రీ గదిలోకి వెళ్ళాడు. బల్ల మీద రుద్దిన పొడి సన్నగా పరుచుకుని ఉంటుంది ఎప్పుడూ. ఆ పొడిలో భూతద్దం కాళ్ళ గుర్తులు ఒకచోట, భూతద్దం ఇంకోచోట. అంగుళం జరిగింది. బల్ల అంచున నాలుగు వేళ్ళ ముద్రలు. నట్ల డబ్బా మూత ఓరగా ఉంది.

ఆ సాయంత్రం టీ అవలేదు. భోజనం వేళ కూడా అవలేదు. ఇద్దరూ చెరో గదిలో ఉండిపోయారు.

శనివారం పొద్దున పదిగంటలకు పెద్దాయన మేనేజరు దూది పరిచిన అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. మొదటి మెట్టు మీదే టీచరమ్మ అడ్డుపడింది.

"ఎవరింటికి?"

"మేస్త్రీ గారింటికండీ. డ్రాగ్ కారు తీసుకెళ్ళాలి."

"చూశారా, పట్టపగలు! బెరుకైనా లేదు!" అని ఆవిడ పైకి కేకేసింది. కార్యదర్శి బనీనుమీద చొక్కా గుండీలు పెట్టుకుంటూ దిగాడు, ఒక గుండీ తప్పింది. రెండో అంతస్తు వాళ్ళు, పక్కవాళ్ళు, నీళ్ళ బిందెతో ఒకావిడ, అందరూ ఊరేగింపుగా మూడో అంతస్తు వసారాలోకి చేరారు. మధ్యలో మేనేజరు, పెళ్ళికూతురి పెట్టె మోస్తున్నవాడిలా.

మేస్త్రీ తలుపు తీశాడు. చేతిలో చెక్కపలక, దాని మీద కారు. జానా కంటే కాస్త ఎక్కువ పొడవు, సన్నగా, వెండి ఎరుపుల్లో.

"మేస్త్రీ గారూ, ఏమీ అనుకోకండి" అన్నాడు కార్యదర్శి. "పిల్లలున్న ఇళ్ళు. ఈ డ్రగ్ కారు వ్యవహారమేదో..."

"డ్రగ్గా?" అన్నాడు మేనేజరు, పెట్టె జారవిడవబోయి.

మేస్త్రీ నోరు తెరిచాడు. వెనకనుంచి ఒక చెయ్యి ఆయన్ని పక్కకు తప్పించింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ చెయ్యి ఆయనకు తగలడం ఎప్పుడో గుర్తులేదు.

"డ్రగ్ కాదు టీచరమ్మా, డ్రాగ్. దీర్ఘముంది" అంది ఆమె. మెడలో టేపు అలాగే ఉంది. "తిన్నగా లాక్కుపోయే పందెం కార్లు. ఇది ప్లాస్టిక్ బొమ్మ. ఆ వాసన జిగురుది, తెల్లపొడి దీన్ని రుద్దితే రాలింది. కావాలంటే ముట్టుకుని చూడండి."

టీచరమ్మ ముట్టుకోలేదు. "నా చెవికి అలా వినిపించిందమ్మా. కింద అందరూ..."

"వినిపించింది మీరు చెప్పారు. తప్పేముంది. నేను చూసింది చెప్పలేదు." ఆమె కారు వైపు తిరిగింది. "ఈ వెనక సీటులో కూర్చున్నవాడు మా తమ్ముడు. ఇరవై ఆరేళ్ళు. ఈ మూత పగిలి పోయాడు. బోల్టు ఈయన లూజుగా వదిలేశాడని తేల్చారు. మీరూ వినే ఉంటారు, లూజు మేస్త్రీ అంటారు బజార్లో. చొక్కా వల్ల వచ్చిన పేరు కాదది."

బిందె ఆవిడ బిందె కింద పెట్టింది.

"ఈయన బిగించిన ప్రతి బోల్టు మీదా నా గోళ్ళరంగు ఉంటుంది. ఎర్రచుక్క. ఈ మూత చూడండి. ఒక్కటి కనిపిస్తోందా? ఇది ఈయన బిగించిన మూత కాదు. ఈయన్ని పెట్రోలుకి పంపించి, పెద్దాయనా మా తమ్ముడూ కలిసి మార్చేశారు, బరువు తగ్గుతుందని. నేను క్యారేజీ పట్టుకుని అక్కడే ఉన్నాను. 'రంగు లేదేంట్రా' అని అడిగాను కూడా. 'అక్కా, బావకి చెప్పకు, గెలిచాక నేనే చెబుతా' అన్నాడు."

"మరి విచారణలో..." అన్నాడు కార్యదర్శి.

"నన్నూ అడిగారు. 'బిగించాడో లేదో నాకేం తెలుసు' అన్నాను. మా అమ్మ ముందురోజు నా చేతులు పట్టుకుంది. 'పోయినవాడు నింద మోయలేడే, ఉన్నవాడు మోస్తాడు' అంది. అమ్మ పోయాక చెబుదామనుకున్నాను. అప్పటికి పదేళ్ళు. పదేళ్ళు ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? ఏడాదేడాదికీ ఆ ప్రశ్న పెద్దదవుతూ వచ్చింది." ఆమె మెడలోని టేపు చివరను వేలికి చుట్టుకుంది. "నేను మాట్లాడకపోతే నింద వేస్తున్నాననుకున్నారు ఈయన. నేను దాక్కున్నాను. ఈయన కూర్చుని లెక్కపెట్టుకునే ఆ గదిలోకి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?"

మేనేజరు దూదిని అనవసరంగా సర్దాడు. "ఇవన్నీ నాకు తెలీదండీ. నేను పదేళ్ళ కింద చేరాను. పెద్దాయనకిప్పుడు మాట కూడా లేదు, మనుషుల్నే గుర్తుపట్టరు. మరి... ఇది తీసుకెళ్ళొచ్చా?"

"తీసుకెళ్ళండి. ఫొటోలో ఉన్నట్టే ఉంది" అన్నాడు మేస్త్రీ. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

"ఉండండి" అంది ఆమె. చిన్నగదిలోకి వెళ్ళింది. గడప దగ్గర ఆగలేదు. నట్ల డబ్బా గలగలమంది. తిరిగొచ్చి, అరచేతిలో ఉన్న ముదురు రంగు ముక్కను దూది మూలన పెట్టింది. మీద పది ఎర్ర చుక్కలు.

"ఇదేంటండీ, స్పేరా?" అన్నాడు మేనేజరు.

"అసలుది."

అతను మూత వేసి దిగిపోయాడు. జనం ఒక్కొక్కరే, చెప్పుల చప్పుడు కానీయకుండా దిగారు. ఆఖర్న టీచరమ్మ కుడిచెవి మీద చెయ్యి పెట్టుకుని వెళ్ళింది. సాయంత్రానికల్లా సంగతి అందరికీ తెలిసిపోయింది. పోయినసారి ఏడు వాటాలకే. ఈసారి ఎనిమిదింటికీ.

వసారాలో ఇద్దరే మిగిలారు. మేస్త్రీ గోడకానుకుని నిలబడ్డాడు. బొటనవేలు కణుపుల మీద నడుస్తోంది. తొమ్మిది దాకా వెళ్ళింది. పదో కణుపు దాటింది. ఆగకుండా మళ్ళీ ఒకటికి వచ్చింది.

ఆమె ఆ చేతినే చూస్తోంది.

"పదీ ఉన్నాయిగా. మీరింకా ఎందుకు లెక్కపెడుతున్నారు?" అంది.

మేస్త్రీ తన చేతిని ఎవరిదో చెయ్యిలా చూసుకున్నాడు. ఆపాలని చూశాడు.

"నాకు తెలిసింది" అన్నాడు. "దీనికింకా తెలియలేదు."